కొర్రమీను, పండుగప్ప: ఒకే రాడ్‌తో రెండు వేటలు

వానలు పడినప్పటి నుంచి కొర్రమీనుకు, పండుగప్పకు మార్చి మార్చి గాలం వేస్తున్నాను. రెండింటికీ ఒకటే రాడ్: ఏడడుగుల మీడియం హెవీ (కాస్త గట్టి రకం), 3000 సైజు రీలు, 30 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిక దారం). ఇప్పటికి నాకు తేలింది ఇదీ: విసరడంలో చెయ్యి కుదరాలంటే కొర్రమీను వెంట పడాలి, నీళ్ల లెక్క తెలియాలంటే పండుగప్ప వెంట పడాలి. రెండోది నాకింకా సగమే పట్టుబడింది.

కొర్రమీనుకు అమలాపురం చుట్టూ ఉన్న మురుగు కాలువలు, చెరువులు చాలు. అది ఎప్పటికప్పుడు పైకొచ్చి గాలి పీల్చుకోవాల్సిందే కాబట్టి తెల్లవారుజామున గట్టు మీద కదలకుండా నిలబడితే గుర్రపుడెక్క సందుల్లో చిన్న చప్పుడు, దాని వెంట రెండు బుడగలు కనిపిస్తాయి, ఇక ఎక్కడ వేయాలో ఎవరినీ అడగక్కర్లేదు. రబ్బరు కప్ప లూర్‌ని (ఉత్తుత్తి ఎరని) ఆ చోటు దాటించి ఆకుల మీద వేసి, మెల్లగా లాక్కొచ్చి, నీళ్లు కనిపించే అంచులో ఒక్క క్షణం ఆపాలి. పేలినట్టు కొడుతుంది. అప్పుడే రాడ్ ఎత్తితే కప్ప ఖాళీగా ఎగిరొస్తుంది. లైను బరువెక్కేదాకా ఆగి గట్టిగా లాగాలి, లాగాక మళ్లీ నాచులోకి దూరనివ్వకూడదు.

ఇంకొకటి. వానాకాలంలో ఎర్రటి పిల్లల గుంపు నీటిపైన ముద్దలా తిరుగుతుంటే కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి, ఏది వేసినా కోపంతో కొట్టేస్తాయి. అలా పట్టి ఫొటో పెట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. పెద్దవి పోతే ఆ పిల్లల్ని మిగతా చేపలు మిగల్చవు.

పండుగప్పకు గోదావరి పాయ వైనతేయ మీద బోడసకుర్రు వంతెన వైపు వెళ్తున్నాను. అక్కడ చేప కంటే ముందు పోటు చూసుకోవాలి. నిండు పోటు తర్వాత నీళ్లు తీయడం మొదలైనప్పుడు చిన్న చేపలు, రొయ్యలు కొట్టుకొస్తాయి, పండుగప్ప వంతెన స్తంభం చాటున నీరు నెమ్మదించిన చోట ఎదురు తిరిగి కాచుకుని ఉంటుంది. సరిగ్గా అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీటి వడికి నా లూర్ నిలవడం లేదు, రెండు మూడు రోజులు పోయాకే బాగుంటోంది. ఇక్కడ 40 పౌండ్ల మోనో లీడర్ (లైను చివర కట్టే మందపాటి నైలాన్ ముక్క) తప్పనిసరి, ఎందుకంటే దీని నోరు గరుకు, మొప్ప మూత అంచు బ్లేడు. మొన్న ఒకటి గాల్లోకి లేచి తల విదిల్చి పోయింది, చేతికొచ్చిన లీడర్‌ను చూస్తే చివరి జానెడు తెల్లబడి, నూగు లేచి ఉంది. ఎగిరినప్పుడు రాడ్ కొనను నీటి వైపు దించాలి. పట్టాక మొప్పల్లో వేళ్లు పెట్టకండి, లిప్ గ్రిప్ (చేప పెదవి పట్టే పటకారు) వాడండి.

సైజులో పోటీయే లేదు, కొర్రమీను కిలో దాటితే సంబరం, పండుగప్పకు అది పిల్ల కింద లెక్క. పైగా పండుగప్ప ముందు మగగా ఉండి పెరిగాక ఆడగా మారుతుంది, బాగా పెద్దవి దాదాపు అన్నీ ఆడవే, అందుకే పెద్దది పడితే వదిలేయాలనే అనుకున్నాను (మా ఇంట్లో ఈ మాట ఎవరూ ఒప్పుకోవడం లేదు).

ఇక వంట. కొర్రమీను జిగురు వదలాలంటే రాళ్ల ఉప్పు, తవుడు వేసి రుద్దాలి, విసుగు పని, కానీ పులుసులో ముక్క విరగదు, ముళ్లూ తక్కువ. పండుగప్ప పొలుసు పెద్దది, తీయడం తేలిక, వేపుడుకు దాని తర్వాతే ఏదైనా, తలకాయ మాత్రం పులుసుకే. చెరువులో పెంచినదానికీ ఏటిదానికీ రుచిలో తేడా నాకు తెలుస్తుంది.

వచ్చే అమావాస్య దాటాక జిగ్ హెడ్ (తలకు బరువున్న గాలం) 10 గ్రాముల నుంచి 14కు పెంచి, అదే స్తంభం దగ్గర ఒకసారి రబ్బరు రొయ్య, ఒకసారి బతికున్న రొయ్య వేసి చూస్తాను.