గేట్ అంటే వీధి, బార్ అంటే దర్వాజ

మేము యార్క్ నగరానికి వచ్చి తొమ్మిదేళ్ళు దాటింది. ఉత్తర ఇంగ్లండ్‌లోని ఈ ఊరి చుట్టూ దాదాపు 3.4 కిలోమీటర్ల మేర మధ్యయుగాల నాటి ప్రాకారం ఇప్పటికీ నిలిచి ఉన్నది. దానికి బూథమ్ బార్, మంక్ బార్, వామ్‌గేట్ బార్, మికిల్‌గేట్ బార్ అనే నాలుగు పెద్ద ద్వారాలున్నాయి. వచ్చిన కొత్తలో ఈ పేర్లే నన్ను తికమక పెట్టాయి, ఎందుకంటే ఇక్కడ ద్వారాన్ని బార్ అంటారు, వీధిని గేట్ అంటారు. స్కాండినేవియా నుంచి వచ్చి 866లో ఈ నగరాన్ని పట్టుకొన్న వైకింగులు, మధ్యలో కొన్ని విరామాలు వచ్చినా, 954 దాకా దీనిని ఏలారు. వాళ్ళ నార్స్ భాషలో 'గాటా' అంటే వీధి. ఆ లెక్కన మికిల్‌గేట్ అంటే, మా వరంగల్ వాళ్ళు చెప్పుకొనేటట్లు చెప్పాలంటే, పెద్ద బజారు.

ఈ సంగతిని బడిలో నేర్చుకొని వచ్చి మా అమ్మాయి ఎంతో సంబరంగా చెప్పిన రోజున నాకు మాత్రం దిగులు కలిగింది. వెయ్యేళ్ళ కింద ఈ వీధులలో పిల్లలను కేకలేసి పిలిచిన తల్లుల భాష ఇప్పుడు ఇక్కడ ఎవరి నోటా లేదు, వీధి మలుపులలో పలకల మీద మాత్రమే మిగిలింది. మా ఇంట్లో తెలుగు కూడా అట్లాగే ఒక ఇంటిపేరుగానో, ఒక వంటకం పేరుగానో మాత్రమే మిగిలిపోతుందేమోనన్న భయం ఆనాడు నన్ను పట్టుకొని ఇంకా వదలలేదు. పేరులో మిగలడం వేరు, మాటలో మిగలడం వేరు.

పోయిన వేసవిలో మా అమ్మ వచ్చినప్పుడు ముగ్గురమూ ప్రతి ఆదివారం ఆ గోడ మీద నడిచాము. అమ్మకు ఇంగ్లీషు రాదు కాబట్టి ఊరిని చూపించే పని అమ్మాయి మీద పడింది, అదీ తెలుగులోనే చెయ్యవలసి వచ్చింది. ఎన్నో ఏళ్ళుగా నేను పలక మీద దిద్దించి, బతిమాలి సాధించలేనిది ఆ అవసరం సాధించింది. రోమన్ల కోట ద్వారం ఉన్నచోటనే బూథమ్ బార్ కట్టారని చెప్పడానికి అమ్మాయి చాలాసేపు తడుముకొన్నది, కానీ చెప్పింది. ద్వారం అన్న మాట తనకు తట్టలేదు. ఇంట్లో వినే దర్వాజ అన్న మాటే వాడింది. ఆ దర్వాజ కూడా పారశీకం నుంచి వచ్చి తెలంగాణ ఇళ్ళలో స్థిరపడిన మాటే కదా అని నాకు అప్పుడు స్ఫురించింది.

నాలుగింటిలో నాకు ప్రాణమైనది వామ్‌గేట్ బార్. ద్వారం ముందు శత్రువును నిలువరించడానికి కట్టిన రాతి ఆవరణ, ఇంగ్లండ్ మొత్తంలో ఊరి ద్వారానికి చెక్కుచెదరకుండా మిగిలింది ఇక్కడ ఒక్కచోటనే. మిగిలిన మూడింటివీ 19వ శతాబ్దంలో కూల్చివేశారు. ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో, 1644 ముట్టడిలో ఫిరంగి దెబ్బలు తిన్నా ఇది నిలిచింది. లోపలివైపున రాతి స్తంభాల మీద కట్టెతో కట్టిన ఇల్లు ఒకటి ముందుకు వచ్చి ఉంటుంది. దానిని చూసి అమ్మ ఆగిపోయి, "దర్వాజ మీద ఇల్లు కట్టిండ్రేంది బిడ్డా?" అని అడిగింది. "అందుల 1957 దాకా మనుషులు ఉన్నరంట అమ్మమ్మా," అన్నది అమ్మాయి, తడుముకోకుండా, అచ్చంగా అమ్మమ్మ యాసలో.

మికిల్‌గేట్ దగ్గర మాత్రం మాట నా మీదికి వచ్చింది. ఆనవాయితీ ప్రకారం రాజు సైతం ఆ ద్వారం దగ్గర ఆగి, నగర మేయరు అనుమతితో లోపలికి రావాలి. 2022 నవంబరులో చార్లెస్ రాజు వచ్చినప్పుడు కూడా స్వాగతం అక్కడే జరిగింది. అది విన్న అమ్మాయి, "మరి మనం అడిగామా అమ్మా?" అన్నది. అంతకు కొన్ని రోజుల ముందే బస్సులో ఒక పెద్దాయన నీది ఏ ఊరని అడిగితే యార్క్ అని చెప్పింది, ఆయన కాదు, అసలు ఊరేదని మళ్ళీ అడిగాడు. నేనూ నాన్నా వీసా కాగితాలతో అడిగామనీ, నువ్వు ఎవరినీ అడగనక్కరలేదనీ చెప్పాను. ఆ మాట గట్టిగానే చెప్పాను.

తరువాత అమ్మ తన కోట గురించి మొదలుపెట్టింది. గణపతిదేవుడు మొదలుపెట్టగా రుద్రమదేవి పూర్తి చేయించిన వరంగల్ రాతికోటకు నాలుగు దిక్కులా ద్వారాలున్నాయి. శత్రువుల ఏనుగులు నేరుగా దూసుకురాకుండా లోపలి దారిని మలుపులు తిప్పారు. చిత్రాలలో అందరూ చూసే కీర్తి తోరణాలు కోట ద్వారాలు కావనీ, అవి లోపలి స్వయంభూ శివాలయానివనీ నేను మధ్యలో అందుకొని చెప్పాను, ఎందుకంటే ఆ పొరపాటును మా అమ్మాయి మోయకూడదు. అమ్మాయి మాత్రం వేరే విషయం పట్టుకొన్నది.

"అక్కడ లోపల ఇప్పుడు కూడా మనుషులు ఉంటరా?"

"ఉండకేంది, ఊరే ఉన్నది."

"మరి రాత్రి దర్వాజ ఎవరు మూస్తరు అమ్మమ్మా?"

"ఎవరు మూయరు బిడ్డా. బండ్లు పోవాలె గద."