ముప్పై రూపాయల లామినేషన్, ఏడేళ్ల సెక్షన్

2021లో కందుకూరులో నాకొక నెట్ సెంటర్ ఉండేది. అప్పటికి మాది ప్రకాశం జిల్లానే, మరుసటి ఏడాది ఏప్రిల్‌లో నెల్లూరులో కలిపారు. ఆ ఏడాదంతా నాకు కూడు పెట్టింది కోవిన్, ప్రభుత్వం కరోనా టీకాల కోసం పెట్టిన వెబ్‌సైట్. టీకా సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసి, కలర్ ప్రింట్ తీసి, లామినేషన్ కొట్టి ఇస్తే ముప్పై రూపాయలు. వచ్చేవాళ్లలో సగం మంది ఓటీపీ వచ్చే ఫోను ఇంట్లో పెట్టి వచ్చేవాళ్లు, ఇంక ఇంటికి ఫోన్ చెయ్యడం, మనవడు స్కూలు పాఠంలో ఉన్నాడనడం, అదొక తంతు.

ఆగస్టులో ఉదయగిరి వైపు నుంచి ఒకాయన వచ్చాడు. కువైట్‌లో డ్రైవరు, సెలవుకొచ్చి కరోనాలో ఇక్కడే ఇరుక్కుపోయాడు. ఆయనకి రెండు డోసులూ కొవాగ్జిన్ పడ్డాయి. కువైట్ వాళ్లు అప్పుడు ఒప్పుకునే టీకాల్లో ఆస్ట్రాజెనెకా ఉంది, అంటే మన కొవిషీల్డ్, కానీ కొవాగ్జిన్ లేదు. దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం వచ్చిందే ఆ ఏడాది నవంబరు 3న. పీహెచ్‌సీలో ఆ రోజు ఏది ఉంటే అది వేశారు, అందులో ఆయన చేసిన పాపమేముంది? "అన్నా, ఆ ఒక్క పేరు మార్చి ఇయ్యి, రెండు వేలు ఇస్తా" అన్నాడు. నెమ్మదిగానే అన్నాడు, కళ్లలో మాత్రం టెన్షన్.

ధర్మం గుర్తొచ్చి ఆగానని చెప్పను. రెండు వేలంటే అరవై ఆరు లామినేషన్లు. క్యూఆర్ కోడ్‌కి భయపడి ఆగాను. ఫొటోషాప్‌లో కొవాగ్జిన్ చెరిపి కొవిషీల్డ్ అని పెట్టడం పది నిమిషాల పని, కానీ పక్కనున్న ఆ నలుపు తెలుపు గడిలో పేరు, టీకా, తేదీ అన్నీ వేరేగా దాచి ఉంటాయి, వాటి మీద ప్రభుత్వం డిజిటల్ సంతకం ఉంటుంది. పైన అక్షరాలు మారిస్తే లోపలివి మారవు. లోపలివి కెలికితే సంతకం కలవదు. ఎయిర్‌పోర్టులో స్కాన్ చేశారంటే ఆయన అక్కడే ఆగిపోతాడు, "ఎవరు చేసిచ్చారు" అంటే నా బోర్డు పేరు చెప్తాడు. కుదరదు అన్నాను. తిట్టుకుంటూ పోయాడు. ఎట్లాగోట్లా మరుసటి ఏడాది మళ్లీ కువైట్ చేరాడని తర్వాత తెలిసింది.

ఆ రాత్రి ఒంగోలులో వకీలుగా ఉన్న మా బావకి ఫోన్ చేశాను, మార్చి ఇచ్చి ఉంటే ఏమయ్యేది అని. ముందు ఒక నవ్వు నవ్వి, తర్వాత మొదలెట్టాడు. ఉత్త ఫోర్జరీకి ఐపీసీ 465, రెండేళ్ల దాకా. మోసం కోసం చేసిన ఫోర్జరీ అయితే 468, ఏడేళ్ల దాకా, బెయిలు కూడా స్టేషన్‌లో హక్కుగా దొరకదు. ప్రభుత్వ ఉద్యోగి ఇచ్చినట్టు కనపడే సర్టిఫికెట్టుని, లేదా ఆయన నడిపే రిజిస్టరుని దొంగగా తయారు చేస్తే 466, అదీ ఏడేళ్లే. "కాయితం కాదు కదా బావా, పీడీఎఫ్ కదా" అన్నాను. 2000లో ఐటీ చట్టం వచ్చినప్పుడే ఈ సెక్షన్లలో ఎలక్ట్రానిక్ రికార్డు అనే మాట చేర్చారట, కాయితమైనా కంప్యూటరైనా ఒకటే లెక్క. మరి తీసుకెళ్లి చూపించినవాడి సంగతి? 471. దొంగదని తెలిసి వాడితే చేసినవాడికి పడే శిక్షే వాడినవాడికీ. ఇంకొకరి ఆధార్‌తోనో ఓటీపీతోనో లాగిన్ అయి చేస్తే పైన ఐటీ చట్టం 66సి, మూడేళ్లు, లక్ష దాకా జరిమానా.

ఇప్పుడు ఇవే నేరాలకి నంబర్లు మారాయి. 2024 జులై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత కదా, 465, 468 రెండూ 336 కిందకి వచ్చాయి, 466 పోయి 337 అయింది, 471 పోయి 340 అయింది. 2021లో చేసిన పనికి మాత్రం ఇప్పుడు పట్టుబడినా పాత సెక్షన్లే.

మనకి టీకా రికార్డుల కోసమే అని విడిగా చట్టం లేదు, ఉన్నవాటితోనే కేసు కడతారు. న్యూయార్క్ రాష్ట్రంలో 2021 డిసెంబరులో విడిగానే ఒకటి తెచ్చారు. దాంట్లో నాకు నచ్చింది ఏందంటే, దొంగ టీకా కార్డు తయారు చెయ్యడాన్ని చిన్న నేరంగా పెట్టి, టీకా వివరాలున్న కంప్యూటరులోకి తెలిసి తప్పుడు ఎంట్రీ కొట్టడాన్ని దానికంటే పెద్ద నేరంగా పెట్టారు. మరుసటి నెలలోనే అక్కడి లాంగ్ ఐలండ్‌లో ఇద్దరు నర్సుల్ని పట్టుకున్నారు. సూది వెయ్యకుండానే పెద్దాళ్లకి 220 డాలర్లు, పిల్లలకి 85 డాలర్లు తీసుకుని కార్డుతో పాటు రాష్ట్ర డేటాబేసులో కూడా ఎక్కించారని, మొత్తం 15 లక్షల డాలర్లకు పైనే సంపాదించారని ఆరోపణ.

కార్డు దొంగదైతే స్కాన్ దగ్గర దొరికిపోతుంది, రికార్డే అబద్ధమైతే ఏ స్కానరు పట్టుకుంటుంది? మన దగ్గరా అంతే. ముంబైలో కాందివలి అపార్ట్‌మెంట్లలో 2021 మే 30న తలా 1,260 రూపాయలు తీసుకుని 390 మందికి దొంగ క్యాంపు పెట్టినప్పుడు, జనానికి అనుమానం వచ్చింది సర్టిఫికెట్లు వేరే వేరే ఆస్పత్రుల పేర్లతో రావడం వల్ల. ఒకే ఆస్పత్రి పేరుతో, సరైన తేదీతో వచ్చి ఉంటే ఎంతమంది అడిగేవాళ్లు చెప్పండి. ఆ డిసెంబరులో బిహార్‌లోని అర్వల్ జిల్లాలో కర్పి ఆరోగ్య కేంద్రం లిస్టులో ప్రధాని పేరు, సినిమా హీరోయిన్ పేరు కనపడ్డాయి, ఇద్దరు కంప్యూటరు ఆపరేటర్లని తీసేశారు. పెద్ద పేర్లు కాబట్టి వార్త అయింది. వెంకటేశ్వర్లు, సుబ్బమ్మ అని కొట్టి ఉంటే ఎవరికి తెలిసేది?

మా ఇంట్లోకి వచ్చినప్పుడు నాకు తెలిసింది. మా పెదనాన్న ఏప్రిల్‌లో మొదటి డోసు వేయించుకుని మే నెలలో రెండో వేవ్‌లో పోయాడు. డిసెంబరులో ఆయన ఫోనుకి మెసేజ్ వచ్చింది, మీకు రెండో డోసు విజయవంతంగా వేశారు అని. ఫోను మా పెద్దమ్మ దగ్గర ఉంటుంది, ఆమెకి చదవడం రాదు, ఏదో వచ్చిందని నా దగ్గరికి తెచ్చింది. స్లాటు బుక్ చేసుకుని పోకపోయినా టీకా వేసినట్టు మెసేజ్‌లు వస్తున్నాయని మే నెలలోనే నాలుగంకెల కోడు పెట్టారు గానీ, అది ఆన్‌లైన్‌లో బుక్ చేసుకున్నవాళ్లకే. ఊళ్లో పట్టీ చూసుకుంటూ వేసేవాటికి అడిగేవాడెవడు. టార్గెట్ మిగిలింది, పట్టీలో రెండో డోసు బాకీ ఉన్న పేరుంది, ఎవరో టిక్కు కొట్టేశారు, అంతే అయి ఉంటుంది.

ఏ కేంద్రమో నేను రాయను. అక్కడికి వెళ్లి అడిగితే, పై నుంచి రోజూ లెక్క అడుగుతున్నారు బాబూ అని ఒక అమ్మాయి దాదాపు ఏడ్చినంత పని చేసింది. బావ మాత్రం కంప్లైంట్ ఇద్దామన్నాడు, సెక్షన్లు కూడా వరసగా చెప్పాడు. మేం ఇవ్వలేదు. ఆ అమ్మాయి జీతం ఎంతో నాకు తెలుసు, పై వాళ్ల పేరు మాత్రం ఏ ఎఫ్ఐఆర్‌లోకీ రాదని కూడా తెలుసు. ఇచ్చి ఉండాల్సిందేమో అని ఇప్పటికీ అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ఆ రోజు సర్టిఫికెట్ తీసి నా ఫోనుతో స్కాన్ చేశాను. పేరు సరిపోయింది, తేదీ డిసెంబరు, సంతకం సరిపోయింది, ఆకుపచ్చ టిక్కు. కువైట్ ఆయన రెండు వేలకి అడిగినది ఇదే.

చించేద్దామనుకునేలోగా పెద్దమ్మ చేతిలోంచి తీసుకుంది. వితంతు పింఛనుకి అడుగుతారేమో ఉండనీ నాయనా, దీనికి కూడా ప్లాస్టిక్ వేసివ్వు అంది. లామినేషన్ చేసి ఇచ్చాను, డబ్బులు తీసుకోలేదు. రేషన్ కార్డు పెట్టుకునే కవరులో, మే తేదీ ఉన్న డెత్ సర్టిఫికెట్ వెనకాల జాగ్రత్తగా దోపుకుంది.