ఇంద్రజాలికుల సంఘానికి బైలా రాసిన అనుభవం

పాలకొల్లు, నరసాపురం చుట్టుపక్కల మ్యాజిక్ చేసేవాళ్లం కలిసి సంఘంగా నమోదయ్యాం. బైలా, అంటే సంఘం నడిచే నియమావళి, ముసాయిదా రాసే పని నాకు అప్పజెప్పారు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం ఏడుగురు ఉంటే చాలు. కాగితాల పని వారాల్లో తెమిలిపోతుంది. కాలం పట్టేది నీతి నియమాల దగ్గరే. అక్కడ ఎంత ఆలస్యమైనా ఓపిక పట్టాలని నా గట్టి అభిప్రాయం.

మెమొరాండంలో, అంటే సంఘం స్థాపన పత్రంలో, సంఘం పేరు, చిరునామా, ఉద్దేశాలు, కార్యవర్గ సభ్యుల పేర్లు, చిరునామాలు, వృత్తులు ఉండాలి. కళలు, సంస్కృతి, విజ్ఞాన వ్యాప్తి అన్నీ చట్టం ఒప్పుకునే ఉద్దేశాలే. అందుకని 'ఇంద్రజాలాన్ని ప్రదర్శన కళగా అభ్యసించడం, నేర్పడం, మూఢనమ్మకాలపై అవగాహన కలిగించడం' అని రాశాం. సభ్యులకు ప్రోగ్రాములు ఇప్పిస్తామన్న మాట పెట్టలేదు. అలా రాస్తే వ్యాపార సంస్థ వాసన వస్తుంది. సంఘం ఆదాయాన్ని సభ్యులు పంచుకోరాదన్న వాక్యం మాత్రం తప్పకుండా ఉండాలి.

ఇక రహస్యాల సంగతి. 1902లో పుట్టిన సొసైటీ ఆఫ్ అమెరికన్ మెజీషియన్స్, 1922లో మొదలైన ఇంటర్నేషనల్ బ్రదర్‌హుడ్ ఆఫ్ మెజీషియన్స్ కలిసి ఒప్పుకున్న సూత్రాల్లోనూ ఇది ఉంది: కావాలని కిటుకులు జనానికి బయటపెట్టరాదు. దాన్ని యథాతథంగా దింపుకుంటే మన ఊళ్లలో సరిపోదు. సున్నపు తేట పూసి ఆరబెట్టుకున్న అరచేతిలో పసుపు నీళ్లు పోస్తే ఎర్రబడతాయి. పసుపుకి క్షారం తగిలితే జరిగేదే అది. మందార పువ్వు రుద్ది ఆరనిచ్చిన కత్తితో నిమ్మకాయ కోస్తే, పులుపు తగిలి రసం ఎర్రగా కారుతుంది. వీటినే చూపించి, ఇంట్లో చేతబడి ఉందని ఒక తల్లిని భయపెట్టి డబ్బు గుంజేవాడున్నాడు. వాడి కిటుకుని కాపాడటం మన కళకు మర్యాదా?

చివరికి నియమం ఇలా కుదిరింది: 'చూసేవారికి ఇది ఆటేనని తెలిసిన చోట రహస్యం కాపాడాలి. మహిమ అని నమ్మించి డబ్బో ఆరోగ్యమో దోచుకుంటున్న చోట, ఆ మోసానికి వాడిన పద్ధతి వరకు చెప్పవచ్చు.' అక్కడితో ఆగాలి. ఊపులో మెజీషియన్లు వాడే థంబ్ టిప్పు లాంటి చిన్న పరికరాల గురించో స్టేజీ పెట్టెల గురించో చెప్పే పని లేదు. గారడీ వాళ్ల మామిడి టెంక, బుట్ట ఆటల జోలికి అసలే పోకూడదు. తీర్థాల్లో జనాన్ని చుట్టూ నిలబెట్టి ఆడేవాళ్లకు అదే కూడు. వాళ్లు సంఘంలోకి రావాలి కాబట్టి సభ్యత్వానికి చదువు అర్హత కూడా పెట్టలేదు.

మంత్రం, తాయెత్తు, కవచంతో రోగం పోతుందని ప్రకటనలిస్తే 1954 నాటి మాంత్రిక చికిత్సల ప్రకటనల చట్టం కింద నేరం. మా సభ్యుల ఫ్లెక్సీల్లో, కరపత్రాల్లో 'అతీంద్రియ శక్తులు' లాంటి మాటలు నిషేధించాం. మనసు చదివే ఐటమ్ చేశాక పోయిన గొలుసు ఎక్కడుందో చెప్పమని ఎవరో ఒకరు వస్తారు. నాకు తెలియదు, ఇది వినోదం మాత్రమే అని అక్కడే నోటితో చెప్పి తీరాలి.

బడుల్లో షో చేసేటప్పుడు స్టేజీ మీదికి పిలిచిన పిల్లవాణ్ని నవ్వులపాలు చేయకూడదు. జేబుల్లో చెయ్యి పెట్టకూడదు. చూసేవారిని అడిగి తీసుకున్న నోటు నంబరు వాళ్లతోనే రాయించి, అదే నోటు తిరిగివ్వాలి. షామియానా కింద ఫ్లాష్ పేపరు (అంటించగానే భగ్గున మండే కాగితం) వెలిగించరాదు. ఆరుబయట నిప్పు ఐటమ్ అయితే నీళ్ల బకెట్టు, తడిపిన గోనెసంచి చేతికందేలా ఉండాలి.

రామచిలుకనో గుడ్లగూబనో పట్టి ఉంచుకోవడమే 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. పెంపుడు పావురాలతో ప్రదర్శనకైనా 2001 నాటి ప్రదర్శన జంతువుల నమోదు నిబంధనల ప్రకారం నమోదు కావాలి. కోటు లోపల దాచిన పక్షి మన ఎండలకు, ఉక్కకు సొమ్మసిల్లిపోతుంది. చేసేవాళ్లు ఆ ఐటమ్‌ను ప్రోగ్రాం మొదట్లోనే పెట్టుకోవాలని రాశాం. కొత్తవాళ్లకు పక్షులు వద్దన్నాం.

నియమం తప్పితే ఏం చేయాలో కూడా రాసుకోండి. రాతపూర్వక ఫిర్యాదు, ఆ సభ్యుడి జవాబు, ఆ తర్వాతే కమిటీ నిర్ణయం. తొలగింపు సర్వసభ్య సమావేశానికే వదిలాం.

దరఖాస్తుకు ఆధార్ ప్రతులు, ఆఫీసు చిరునామాకి ఇంటి పన్ను రసీదు, ఇంటి యజమాని సమ్మతి పత్రం సిద్ధం చేసుకున్నాం. ఇంటిపేరు ఆధార్‌లో ఎలా ఉందో మెమొరాండంలోనూ అలాగే ఉండాలి. ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరంగా ఉంటే కాగితాలు వెనక్కొస్తాయి. ఇప్పటికే నమోదైన సంఘం పేరును పోలిన పేరూ ఇవ్వరు, కాబట్టి రెండు మూడు పేర్లు అనుకుని వెళ్లండి.

సర్టిఫికెట్ వచ్చాక పాన్ తీసుకుని, ఇద్దరి సంతకాలతో బ్యాంకు ఖాతా తెరిచాం. ఏటా సర్వసభ్య సమావేశం జరిపి కార్యవర్గ జాబితా రిజిస్ట్రారుకు దాఖలు చేయాలి. తీర్మానాల పుస్తకంలో మాత్రం ఆ నెల నేర్పిన ఐటమ్ పేరే రాయండి, చేసే పద్ధతి రాయకండి. ఆ పేజీల ప్రతులు బ్యాంకుకీ ఆఫీసులకీ వెళ్తుంటాయి.