తొట్టి ఖాళీగా పాలో డ్యూరో దాకా

నాన్న లుంగీ ఎగ్గట్టుకుని, నేను అద్దెకి తెచ్చిన పికప్ ట్రక్కు కిందికి దూరాడు. మా వీధిలో కుక్కను తిప్పుకుంటూ వెళ్తున్న ఒకాయన ఆగి, బండి ఏదో మొరాయించిందనుకుని "సాయం చెయ్యనా?" అని అడిగాడు. అక్కర్లేదని చెప్పి పంపేలోపు కింద నుంచి నాన్న గొంతు: "ఒరేయ్, వెనక కమాన్ కట్టలే వేశాడ్రా! మన లారీకున్నట్టే. కాకపోతే బాగా పల్చన."

కమాన్ కట్టలంటే బరువు మోసే ఇనప పట్టీల స్ప్రింగులు. నాన్న పాతికేళ్ళు చీమకుర్తి గ్రానైట్ లారీలు తిప్పాడు. ఏ బండినైనా కింద నుంచి చూడ్డం మొదలుపెడతాడు. నేనేమో పైనుంచి. స్క్రీన్ ఎంతుంది, సీట్లు చల్లబడతాయా, కప్పు మీద అద్దం ఉందా, ఇలా.

డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటూ పికప్ ట్రక్కు మీద మనసు పడకుండా ఉండటం కష్టం. సిగ్నల్ దగ్గర ఆగితే ముందొకటి, వెనకొకటి. ఫోర్డ్ ఎఫ్-సిరీస్ 1977 నుంచీ ఈ దేశంలో అమ్మకాల్లో మొదటి ట్రక్కు. మూడేళ్ళుగా ఏటా స్టేట్ ఫెయిర్‌కి వెళ్ళడం, అక్కడ పెట్టిన ట్రక్కులన్నీ ఎక్కి దిగడం, ధర చూసి మొక్కజొన్న కండె కొనుక్కుని ఇంటికొచ్చేయడం, ఇదే పని. ఈసారి మా ఆవిడే విసిగిపోయి, "ఒక ట్రిప్పుకి అద్దెకి తీసుకుని చూడండి, అంతకన్నా టెస్ట్ డ్రైవ్ ఏముంటుంది" అంది. పిల్లాడికి మార్చిలో స్ప్రింగ్ బ్రేక్. అమ్మా నాన్నా ఒంగోలు నుంచి వచ్చి నెలయింది. అమరిల్లో ఊరి దగ్గరున్న పాలో డ్యూరో కాన్యన్ అనే లోయకి వెళ్దాం, హోటల్ కాకుండా, పడుకోవడానికి వీలున్న ట్రైలర్ ఒకటి వెనక తగిలించి లాక్కెళ్దాం అనుకున్నాం.

అద్దె కంపెనీలు చాలావరకు ట్రైలర్ తగిలించనివ్వవు. ఒప్పుకునే చోటు వెతికేసరికి రెండు వారాలు పట్టింది. దొరికింది ఫోర్డ్ ఎఫ్-150లో లారియట్ అనే రకం. నాలుగు తలుపులు, ఐదున్నర అడుగుల తొట్టి, 3.5 లీటర్ల ఎకోబూస్ట్ ఇంజన్, ఫోర్ వీల్ డ్రైవ్, పైకప్పంతా అద్దం. కొత్తదైతే 68 వేల డాలర్ల పైమాటేనని ఓనర్ చెప్పాడు. టెక్సస్‌లో పన్ను 6.25 శాతం, అంటే దాని మీద ఇంకో 4,250. ఆ పన్నుతో మన ఊళ్ళో మంచి మోటార్ సైకిల్ కొని ఇంకా మిగుల్చుకోవచ్చు.

బయల్దేరే ముందు రోజు సాయంత్రం సామాను సర్దుతుంటే నాన్న డ్రైవర్ తలుపు తీసి, చట్రం మీద అతికించిన పసుపు రంగు స్టిక్కర్ దగ్గర ఆగిపోయాడు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. మనుషులు, సామాను కలిపి 1,512 పౌండ్లు దాటకూడదని ఉంది.

"కిలోల్లో ఎంతరా?"

"686."

నాన్న నన్నో చూపు చూశాడు. "టాటా ఏస్‌కి కాగితం మీద 750 కదరా!"

నేను బ్రోచర్ చదివిన మనిషిని కాబట్టి గట్టిగానే వాదించాను. ఈ మోడల్ 13,500 పౌండ్ల దాకా లాగుతుంది, మన ట్రైలర్ సామానుతో కలిపి 6,000 పౌండ్లే, సగం కూడా లేదన్నాను. "లాగడం వేరు, మొయ్యడం వేరు" అని నాన్న మెట్ల మీద కూర్చుని, కరెంటు బిల్లు వెనక లెక్క మొదలుపెట్టాడు. ట్రైలర్ ముక్కు వచ్చి ట్రక్కు కొక్కెం మీద కూర్చుంటుంది. మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం అక్కడ పడాలి. అంతకన్నా తక్కువైతే వెనక ట్రైలర్ తోకలా ఊగుతుంది. మాది పన్నెండు శాతం అనుకుంటే 720. కొక్కెం సామాను 80. అక్కడికే 800 పోయింది. మిగిలింది 712. ఇక మనుషులం ఐదుగురం. నేను 190, మా ఆవిడ 150 (ఈ అంకె వేయడానికి ప్రత్యేకంగా అనుమతి తీసుకున్నాను), నాన్న 165, అమ్మ 150, పిల్లాడు 70. మొత్తం 725.

ఒక్క సంచీ ఎక్కించకముందే 13 పౌండ్లు ఓవర్‌లోడ్.

అమ్మ అప్పటికే సోనా మసూరి బస్తా, కుక్కరు, పచ్చడి జాడీలు, ఐస్ పెట్టె గుమ్మంలోకి చేర్చింది. నాన్న ఖాళీ తొట్టికేసి, జాడీలకేసి మార్చి మార్చి చూసి అన్నాడు: "ఇంత తొట్టి పెట్టుకుని దాంట్లో చెంబు కూడా పెట్టకూడదా?"

చివరికి జరిగింది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. నేను, నాన్న, పిల్లాడు ట్రక్కులో. మా ఆవిడ, అమ్మ, బియ్యం, కుక్కరు, జాడీలు అన్నీ పదేళ్ళ నాటి మా ఒడిస్సీ వ్యానులో వెనకాల. డెబ్భై వేల డాలర్ల ట్రక్కుకి సామాను మొయ్యడానికి మినీవ్యాను తోడు.

హైవే 287 ఎక్కి వాయవ్యంగా పోతుంటే డికేటర్ దాటాక ఇళ్ళు పల్చబడతాయి. దారిలో ఒక ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ బోర్డు కనబడగానే నాన్న "కాటా! ఆపు, ఆపు" అన్నాడు. పద్దెనిమిది చక్రాల బండ్ల మధ్య మా పికప్ దూడలా నిలబడింది. చీటీ వచ్చింది. ముందు యాక్సిల్ 3,140, వెనక యాక్సిల్ 3,620, ట్రైలర్ 5,280, మొత్తం 12,040 పౌండ్లు. ఐదున్నర టన్నులన్నమాట. ట్రక్కు వరకు 6,760. పరిమితి 7,050. నాన్న ఆ చీటీని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాతే స్థిమితంగా కూర్చుని కిటికీలోంచి చూడ్డం మొదలుపెట్టాడు.

ఇంజన్‌ని మాత్రం తప్పు పట్టలేం. అంత బరువు తగిలించినా నాలుగు వందల గుర్రాల బలం, పది గేర్లు. ర్యాంపు మీద కాలు నొక్కితే లారీల్ని దాటుకుంటూ పోయింది. విచిటా ఫాల్స్ దాటాక గాలి మొదలైంది. మార్చిలో పాన్‌హ్యాండిల్ (టెక్సస్ ఉత్తరపు కొస) గాలి అంటే ఎదురుగా ఎవరో చెయ్యి పెట్టి ఆపుతున్నట్టే ఉంటుంది. 65 మైళ్ళు దాటనివ్వకుండా నాన్న పక్కనే కాపలా. మైలేజీ అంకె చూస్తుండగానే జారుతూ గ్యాలన్‌కి 9.2 దగ్గర ఆగింది. 26 గ్యాలన్ల ట్యాంకు, గట్టిగా 240 మైళ్ళు. తర్వాతి ఊరు ఎంత దూరం అన్న టెన్షన్ ఒకటి కొత్తగా మొదలైంది. వెనక ఒడిస్సీ హాయిగా వస్తోంది. అందులోంచి ఫోన్: "ఇంకెంత నెమ్మదిగా పోతారు?"

చిల్డ్రెస్‌లో ఆగాం. దారి పొడుగునా ఎండిపోయిన పత్తి మోళ్ళు, గాలిమరలు. అక్కడ అమ్మకు ట్రక్కు నచ్చింది. కారణం తొట్టి గోడకున్న ప్లగ్గు. ఇంజన్ నడుస్తుంటే రెండు కిలోవాట్ల కరెంటు ఇస్తుంది. కెటిల్ తగిలిస్తే నాలుగు నిమిషాల్లో నీళ్ళు మరిగాయి. తొట్టి వెనక తలుపు దించి, దాని మీద గ్లాసులు పేర్చి, గాలికి కొంగు దోపుకుని అమ్మ టీ పోస్తుంటే పక్క బండి వాళ్ళు కూడా చూశారు. ట్రక్కులో ఇంకా ఏమేమున్నాయో వరుసగా చూపిస్తే, "ఈ ప్లగ్గు మంచిదిరా" అని ఒక్క మాటలో తేల్చేసింది. హైబ్రిడ్ మోడల్ తీసుకుంటే ఇదే ప్లగ్గు 7.2 కిలోవాట్ల దాకా వస్తుంది, ఇల్లంతా నడుస్తుంది అన్నాను. "ఇల్లంతా ఎందుకు, టీ చాలు."

అక్కడే నాన్న అడిగాడు, ఇన్ని పికప్పులున్న దేశంలో మన దగ్గర తిరిగే టయోటా హైలక్స్ ఒక్కటీ కనబడదేంటని. శ్రీసిటీలో ఇసుజు వాళ్ళు వి-క్రాస్ చేస్తారని ఆయనకు తెలుసు, ఒకసారి సామాను తోలినప్పుడు చూశాట్ట. హైలక్స్ ఇక్కడ కనబడకపోవడానికి కారణం కోళ్ళు అంటే నమ్మలేదు. అమెరికా కోడిమాంసం మీద యూరప్ సుంకం వేస్తే, బదులుగా అమెరికా 1964 నుంచి దిగుమతి ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేసింది. గొడవ చల్లారినా సుంకం అలాగే ఉండిపోయింది. అందుకే టయోటా కూడా టండ్రాని టెక్సస్‌లోనే, శాన్ ఆంటోనియోలో తయారుచేసుకుంటోంది. ఆ ఫ్యాక్టరీ ఉన్న చోట 1794లో పెట్టిన పశువుల రాంచ్ ఉండేది, అందుకని ఖరీదైన టండ్రాకి 1794 అనే పేరు. ఫోర్డ్ వాళ్ళు తగ్గుతారా, 1853 నాటి కింగ్ రాంచ్ పేరు ఒక రకం ట్రక్కుకి పెట్టి, ఆ రాంచ్ ముద్ర తోలు సీట్ల మీద వేశారు. ర్యామ్ వాళ్ళది ఇంకా తమాషా. దేశమంతా బిగ్ హార్న్ అని అమ్మే ట్రక్కునే ఇక్కడ లోన్ స్టార్ అని అమ్ముతారు. టెక్సస్ వాడికి టెక్సస్‌ని అమ్మడం అంటే ఇదే. అలాంటి పేర్లకు నేనూ పడిపోయేవాణ్ణే, ఇప్పుడు గొప్పలు పోతున్నాను గానీ.

పాలో డ్యూరో ముందు నుంచి కనబడదు. అమరిల్లో పక్కనంతా బల్లపరుపు నేల. ఇక్కడేం లోయ ఉంటుందిరా అనుకుంటుండగానే నేల తెరుచుకుంటుంది. ఎర్రమట్టి గోడలు, మధ్యలో తెల్లటి చారలు, ఎనిమిది వందల అడుగుల లోతు. "గండికోట" అంది అమ్మ, ఒడిస్సీ దిగీ దిగగానే. పెన్నలో ఉన్నన్ని నీళ్ళు లేవుగానీ నిజమే, అదే పోలిక.

లోపలికి దిగే రోడ్డు వాలు ఎక్కువ, మలుపులు. నిజానికి నాకు భయం ఇక్కడే. బరువు లాగేటప్పుడు వాడే టో మోడ్ వేశాను. బ్రేక్ ఒకసారి తొక్కి వదిలితే గేరు తనంతట తాను తగ్గి, ఇంజన్ గుర్రుమంటూ బండిని పట్టుకుంది. వెనక రెండున్నర టన్నులు తోస్తున్నా వేగం పెరగలేదు. నాన్న కిటికీ దించి ముక్కెగబీల్చాడు. గిద్దలూరు నంద్యాల ఘాట్లో దిగేటప్పుడు బ్రేకు లైనర్లు కాలుతున్న వాసన కోసం అలాగే చూసేవాడట. కింద దిగాక, "వాసన రాలేదు. ఇది పనికొచ్చే పని" అన్నాడు. ఆ రోజు ట్రక్కుకి ఆయన నుంచి దక్కిన మొదటి మెప్పు.

క్యాంపు సైటులోకి వెనక్కి పెట్టడం ఇంకో కథ. ట్రైలర్ ఉంటే స్టీరింగ్ కుడికి తిప్పితే అది ఎడమకి పోతుంది. ఆ తలనొప్పి లేకుండా డ్యాష్‌బోర్డ్ మీద గుండ్రటి మీట ఉంది. ట్రైలర్ ఎటు పోవాలో అటు తిప్పితే స్టీరింగ్ తనే తిరుగుతుంది. కానీ పక్కనున్న జూనిపర్ చెట్టు కొమ్మ ఏ కెమెరాలోనూ సరిగా కనబడ్డం లేదు. నాన్న దిగి వెనక్కి వెళ్ళి ట్రైలర్ మీద చరుస్తూ మొదలుపెట్టాడు: "రానీ, రానీ, రానీ... కొంచెం లెఫ్ట్ కొట్టు... రానీ... హోల్డాన్!" పక్క సైటులో నల్లటి డీజిల్ ట్రక్కు పెద్దాయన కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. మా వాడు ఆ రెండు రోజులూ కనబడిన ప్రతి కారునీ "హోల్డాన్!" అని ఆపుతూనే ఉన్నాడు.

రెండు రోజులు నడిచాం. లైట్‌హౌస్ అనే రాతి స్తంభం దాకా రానూపోనూ ఆరు మైళ్ళు. అమ్మ సగంలో రాయి మీద కూర్చుని మమ్మల్ని పంపేసింది. లోయలో తిరిగేటప్పుడు మాత్రం ట్రైలర్ విప్పేశాం కాబట్టి ఐదుగురం ట్రక్కులోనే. తలుపు తీయగానే కిందికి దిగే మెట్టు లేకపోతే చీరతో అమ్మ ఎక్కేదే కాదు. వెనక సీట్లో కాళ్ళు చాపుకుని, పైన అద్దంలోంచి ఎర్ర కొండలు చూస్తూ పిల్లాడు నిద్రపోయాడు. ఆ అద్దం దండగ అని ఇప్పుడంటున్నాను గానీ ఆ సాయంత్రం అనలేకపోయాను.

తిరిగొచ్చిన శనివారం నేనూ నాన్నా ఒక డీలర్ దగ్గరికి వెళ్ళాం. సేల్స్ కుర్రాడు ధరలు చెప్తుంటే నాన్న వరసగా డ్రైవర్ తలుపులు తీసి పసుపు స్టిక్కర్లు చదువుతున్నాడు. పక్కపక్కనే ఉన్న, ఒకటే ఇంజన్ ఉన్న బండ్లలో అంకె 1,400 నుంచి 1,900 దాకా మారుతోంది. అన్నిటికంటే తక్కువ మోసేది అన్నిటికంటే ఖరీదైన కింగ్ రాంచ్. విచిత్రమేం లేదు. అద్దం కప్పు, మోటారు మెట్లు, ఫోర్ వీల్ డ్రైవ్, తోలు సీట్లు, ప్రతిదీ బరువే, ఆ బరువంతా మన వాటాలోంచే తీస్తారు. డబ్బు ఇచ్చి మరీ బండి బలం తగ్గించుకుంటున్నామని ఆ వరసలో నిలబడితేగానీ నాకెక్కలేదు.

మధ్యస్తంగా, ఎక్స్ఎల్‌టీ అనే రకం ఎఫ్-150 ఒకటి కుదిరేలా ఉంది. గుడ్డ సీట్లు, మామూలు కప్పు, టూ వీల్ డ్రైవ్, స్టిక్కర్ మీద 1,870. యాభై రెండు వేలన్నాడు. చీటీ చూస్తే అడుగున పెయింట్ రక్షణ పేరుతో 1,895 కలిపి ఉంది. తీసెయ్యమంటే మేనేజర్‌ని అడగాలన్నాడు. అడిగి రమ్మని మేం ఇంటికొచ్చేశాం. మా గ్యారేజీ లోతు కూడా ఇంకోసారి టేపుతో కొలవాలి, ట్రక్కు పంతొమ్మిది అడుగుల పైన ఉంటుంది.

అన్నాలు తింటూ ఇదంతా చెప్పాను. అమ్మ అంతా విని, "మరి దానికి ప్లగ్గు ఉందా?" అంది.

"లేదు. విడిగా డబ్బు కట్టి పెట్టించుకోవాలి."

"పెట్టించు మరి. మెట్టు కూడా."