ఉచ్చ గుడ్డల ఉద్యోగం

సంక్రాంతికి పాలకొల్లు వెళ్తే మేనత్త నలుగురిలో అడిగేసింది: "అంత అప్పు చేసి ఇంగ్లండ్ వెళ్లింది ఈ ఉచ్చ గుడ్డల ఉద్యోగానికా?" నవ్వి ఊరుకున్నాను గానీ, ఇక్కడికి తిరిగొచ్చాక కూడా ఆ మాట అరగడం లేదు.

గుడ్డలు మార్చడం కాదత్తా నా పని, వాటి అవసరం తగ్గించడం. దగ్గితే, బరువెత్తితే మూత్రం జారేవాళ్లు, బాత్రూమ్ దాకా ఆపుకోలేనివాళ్లు మా క్లినిక్‌కి వస్తారు. ఏం తాగారు, ఎప్పుడు వెళ్లారు, ఎప్పుడు జారింది, మూడు రోజులు రాసుకురమ్మంటాం. దగ్గితే జారేవాళ్లకి పెల్విక్ ఫ్లోర్ వ్యాయామం: గ్యాస్ ఆపుకుంటున్నట్టు కింది కండరాల్ని బిగించి వదలాలి. విడతకి కనీసం 8 సార్లు, రోజుకి 3 విడతలు, కనీసం 3 నెలలు. పైకి ఏమీ కనిపించదు కాబట్టి ఎవరూ నమ్మరు. మానెయ్యొద్దని బతిమాలడమే సగం ఉద్యోగం. ఆపుకోలేనివాళ్లకి, అనిపించగానే పరిగెత్తకుండా కొద్దికొద్దిగా వ్యవధి పెంచడం నేర్పుతాం. దానికి కనీసం 6 వారాలు. కాఫీ, టీ తగ్గించమంటాం.

ఇక్కడ నాకు నచ్చేది ఈ పేషెంట్ల దాపరికం లేని నోరు. ప్రోస్టేట్ ఆపరేషనయిన పెద్దాయన వెయిటింగ్ హాల్లోనే "నిన్న రెండు ప్యాడ్లే" అని క్రికెట్ స్కోరులా చెప్తాడు. మన వైపు? నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కాలన్నా పొద్దుటినుంచీ నీళ్లు మానేసే ఆడవాళ్లు నాకు తెలుసు. పెళ్లి బస్సయితే సరేసరి. నీళ్లు మరీ తగ్గిస్తే మూత్రం చిక్కబడి తొందర ఇంకా పెరగొచ్చని చెప్తే, "కాన్పులయ్యాక అందరికీ ఉండేదేలే" అంటారు. చాలామందికి ఉండటం నిజమే. అలా వదిలెయ్యాలని ఎవరు చెప్పారు?

అలాగని మనవాళ్లకేమీ తెలియదంటే ఒప్పుకోను. నాయనమ్మకి మతి తప్పాక అమ్మ రాత్రిళ్లు అలారం లేకుండానే లేచి, "వెళ్దామా?" అని అడిగి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేది. వేళకి అడిగి తీసుకెళ్లే ఆ పద్ధతినే ఇక్కడ పెద్దవాళ్లని చూసుకునే కేర్ హోముల్లో స్టాఫ్‌కి ట్రెయినింగిచ్చి నేర్పుతారు. అడిగినట్టు ఫారంలో టిక్కు కూడా పెట్టాలి. షిఫ్టు మారితే అడిగే మనిషీ మారిపోతుంది.

అమ్మ ఏ ఫారం నింపలేదు. ఇప్పుడు తనే తుమ్మొస్తే కాళ్లు దగ్గరికి పెట్టుకుంటోంది, నేను చూడలేదనుకుంటోంది. వీడియో కాల్‌లో వ్యాయామం చెప్పబోతే, "మీ నాన్నగారు ఇక్కడే ఉన్నారు, పెట్టెయ్" అంటుంది.