గొలుసు చూసే పెద్దాయన

కడప జిల్లా తిరునాళ్ళలో ఆయన ఎద్దుల జత బండలాగుడు పోటీకి దిగిందంటే జనం గట్ల మీదికి ఎగబడేవాళ్ళు. ఫ్యాక్షన్ కేసుల మనిషి. దాన్ని వెనకేసుకురావడం నావల్ల కాదు, ఆ ఇళ్ళలో ఏడుపు నిజం. కానీ ఎద్దుల సంగతిలో అంత తెలిసినోళ్ళు అరుదు.

ఇచ్చిన టైములో ఎక్కువ అడుగులు లాగిన జతదే గెలుపు. అందరూ ఎద్దు బలం చూస్తే ఆయన కాడికీ బండకూ మధ్య కట్టే గొలుసు చూసేవాడు. గొలుసు పొట్టిదైతే బండ ముందంచు కాస్త తేలి రాపిడి తగ్గుతుంది, కానీ ఆ బరువు మెడ మీద పడి కాడి కింద తోలు చిట్లుతుంది. పొడవైతే మలుపులో బండ పక్కకు జారి టైమంతా అక్కడే పోతుంది. అందుకే కొలత మలుపులోనే తేల్చేవాడు. జతలో ఎత్తు తేడా ఉంటే కాడి వాలి భారం సమంగా పడదు, అలాంటి జత కట్టేవాడే కాదు.

ఉలవలు నానబెట్టి, ఉడికించి, చల్లారాకే పెట్టాలి. పోటీ పూట కడుపు నిండా మేత వద్దు, ఆయాసమొస్తుంది.

"కొట్టాకురా, పేరు పెట్టి పిలువు" అనేవాడు తోలేవాళ్ళతో. కాడి దించగానే మెడ తడిమేవాడు. వేడిగా, ఉబ్బుగా తగిలితే బహుమతి ఎంతున్నా తర్వాతి పోటీకి ఆ ఎద్దును కట్టనిచ్చేవాడు కాదు.