బాలాపూర్‌లో ఆదివారం పాట

మూడు నెలలుగా ప్రతి ఆదివారం పొద్దున బాలాపూర్‌లోని రోహింగ్యా బస్తీకి వెళ్తున్నాను, పిల్లలకు పాటలు నేర్పడానికి. మయన్మార్‌లోని రఖైన్ నుంచి 2012 తర్వాత ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చిన కుటుంబాలు. ఈ పిల్లల్లో చాలామంది ఆ ఊళ్లు చూడనే లేదు.

మొదటి వారం ఒక పన్నెండేళ్ల అబ్బాయి రేకు గోడకు ఆనుకుని కూర్చున్నాడు, నోట మాట లేదు. తెలుగు సరిగా రాదని బడిలో నవ్వుతారట. నాకు ఒకటే టెన్షన్. చివరికి వాడి చేతికి డప్పు ఇచ్చాను. పుల్లలు పక్కన పెట్టేసి వేళ్లతో కొట్టాడు. ముందు మెల్లగా, తర్వాత బస్తీ అంతా వినిపించేలా.

నిన్న తెలుగు పాట వాడే అందుకున్నాడు! 'ళ' దగ్గర నాలుక తిరక్క ఆగితే, పక్క వీధి తెలుగు పాప అందించింది.

అప్పుడు ఆ అబ్బాయి వాళ్లమ్మ గుమ్మంలో నిలబడి ఒక తరానా పాడింది. వదిలొచ్చిన ఊరి మీద వాళ్లు పాడుకునే పాటలవి. మాటలు అర్థం కాలేదు, నా కళ్లు మాత్రం ఆగలేదు.

శరణార్థులకంటూ మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. కాగితాల బెంగ పాటతో తీరదు, తెలుసు. అయినా వచ్చే వారం ఆ తరానా నాకూ నేర్పమన్నాను. "ముందు డప్పు కాచాలి" అన్నాడు వాడు, తెలుగులోనే.